మందు తినేది బాగున్న చేపే

పోయిన డిసెంబర్‌లో, నెలగంట పెట్టిన వారానికి అనుకుంటా, తెల్లారగట్ల ఐదున్నరకి నాన్న ఫోన్ చేశారు. "అబ్బాయ్, చేప తేలతంది రా, ఓసారి రా" అన్నారు, అంతే, పెట్టేశారు. భీమవరం నుంచి బండి మీద ఆ మంచులో వెళ్ళేసరికి ఏడు దాటింది. ఆకివీడు దాటాక కొల్లేరు వైపు మాకు నాలుగెకరాల లీజు చెరువు ఉంది, శీలావతి (రోహు) ఎక్కువ, బొచ్చె (కట్ల) కొంచెం. గట్టు మీద పాక దగ్గర పదకొండు చేపలు వరసగా పెట్టి ఉంచారు. రెక్కల మొదట్లో ఎరుపు, పొట్ట కింద ఎర్ర మచ్చలు, మలద్వారం ఉబ్బి ఉంది. కాపలా ఉండే ఆయన "నిన్న సంచులు ఖాళీ అవ్వలేదండి ఆయ్, మూడొంతులు మేత అలాగే ఉండిపోయింది" అన్నాడు. నిజానికి ఆ రోజు అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే, మేం ఎవ్వరం పట్టించుకోలేదు.

నేను వెళ్ళేసరికే నాన్న మందుల షాపుకి ఫోన్ చేసేశారు, షాపు కుర్రాడు బైక్ మీద వచ్చాడు, ఒక చేప మొప్ప ఎత్తి చూశాడు, ఇంకో చేప పొట్ట నొక్కి చూశాడు, "బ్యాక్టీరియా అండి, బస్తాకి ఒక ప్యాకెట్ కలిపి ఐదు రోజులు పెట్టండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. నేను ఫిషరీస్ చదివినోడినే, అయినా ఆ పూట నాన్న మొహం చూస్తే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే కల్చర్ పెట్టిద్దాం, ఆగుదాం అనే మాట నోట్లోంచి రాలేదు. పది నెలలు పెంచిన చేప, సంక్రాంతి దాటగానే పట్టుబడి అనుకుంటున్నాం, బయట అప్పు ఉంది. ప్యాకెట్లు వచ్చాయి, నూనె కలిపి తవుడుకి పట్టించారు, సంచులు కట్టారు.

నాలుగో రోజుకి తేలే చేప తగ్గింది. ఆరో రోజుకి ఒకటీ రెండు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఇరవై రెండు రోజులకి, సరిగ్గా భోగి ముందు, ఒక్క పూటలో అరవై చేపలు తేలాయి.

ఈ రెండోసారి గురించే రాద్దామని ఇన్నాళ్ళ నుంచి అనుకుంటున్నాను, ఎందుకంటే మా చుట్టుపక్కల ఏ గట్టు మీద కూర్చున్నా ఇదే కథ వినిపిస్తుంది, "మందేస్తే తగ్గింది, మళ్ళీ వచ్చింది, ఈసారి పవర్ ఎక్కువది వేశాం" అని. మళ్ళీ ఎందుకొచ్చింది అని అడిగితే వాతావరణం అంటారు, నీళ్ళు అంటారు, చేప పిల్ల మంచిది కాదు అంటారు. అవన్నీ ఉండొచ్చు. కానీ మనం పెట్టిన మందు చేప పేగులో ఏం చేసి వెళ్ళిందో ఎవరూ అడగట్లేదు.

ముందు మా మేత సంగతి చెప్పాలి, ఇక్కడోళ్ళకి తెలిసిందే, బయటోళ్ళ కోసం చెప్తున్నా. మా దగ్గర శీలావతి చెరువుల్లో మేత చల్లడం పెద్దగా ఉండదు. తవుడు, నూనె తీసిన చెక్క కలిపి, అడుగున కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ సంచుల్లో నింపి, చెరువులో పాతిన గెడలకి కడతారు, చేప వచ్చి ఆ కన్నాల దగ్గర మూతి పెట్టి పీల్చుకుని తింటుంది. ఇప్పుడు ఆలోచించండి, ఆ సంచి దగ్గరికి వచ్చేది ఎవరు? ఆకలి ఉన్న చేప. జబ్బు చేసిన చేప మొట్టమొదట మానేసేది తిండే, గట్టు వారన పైకి తేలి నిలబడిపోతుంది, సంచి దగ్గరికి రాదు. మూడొంతుల మేత మిగిలిపోయిందని ఆయన చెప్పింది అదే. అంటే మనం కలిపిన మందు జబ్బు చేపకి అందట్లేదు, బాగున్న చేప తింటంది, మిగిలింది నీళ్ళలో కరిగిపోతంది. తగ్గడం సంగతి అంటారా, జబ్బు బాగా ముదిరినవి ఆ నాలుగు రోజుల్లో చచ్చిపోయాయి కాబట్టి లెక్క తగ్గి ఉండొచ్చు, అప్పుడే జబ్బు అంటుకుంటూ ఇంకా తింటున్న చేపల్లో కొన్నిటికి మందు పనిచేసి కూడా ఉండొచ్చు, అది కాదనను.

మోతాదు సంగతి కూడా చూడండి. మేం కలిపింది ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్. అమెరికాలో చేపకి ఆక్సీటెట్రాసైక్లిన్ మేతలో పెట్టడానికి అనుమతి ఉన్న డోసు, కేజీ చేప బరువుకి రోజుకి 55 నుంచి 83 మిల్లీగ్రాములు, పది రోజులు పెట్టాలి, ఆ తర్వాత 21 రోజులు ఆగితే గానీ పట్టుబడి చేయకూడదు. మా చెరువులో అప్పటికి ఎనిమిది టన్నుల చేప ఉందనుకుంటే, 75 చొప్పున వేసినా రోజుకి 600 గ్రాముల అసలు మందు కావాలి, పది రోజులకి ఆరు కేజీలు. ప్యాకెట్ మీద బరువు కాదు, అందులో ఉన్న మందు ఆరు కేజీలు. మేం ఆ లెక్క వేశామా? బస్తాకి ఒక ప్యాకెట్, ఐదు రోజులు. జబ్బు బ్యాక్టీరియాని పూర్తిగా చంపడానికి చాలదు, పేగులో బ్యాక్టీరియాని చెదరగొట్టడానికి మాత్రం సరిపోద్ది.

ఇంకోటి, ఆక్సీటెట్రాసైక్లిన్ కార్ప్ జాతి చేపల్లో (మన శీలావతి, బొచ్చె ఈ జాతివే) నోటి ద్వారా పెడితే రక్తంలోకి చేరేది చాలా కొంచెం. కాల్షియం, మెగ్నీషియంతో అతుక్కుపోయే గుణం దానికి ఉంది, అతుక్కుంటే పేగు గోడ దాటలేదు. మేం అదే వారం చెరువులో సున్నం కూడా కొట్టాం, సున్నం అంటేనే కాల్షియం! రక్తానికి చేరాల్సింది పేగులోనే ఉండిపోయి, అక్కడున్న బ్యాక్టీరియా అంతటి మీదా పనిచేసుకుంటూ వెళ్ళి, చివరికి రెట్టతో చెరువు అడుక్కి పోతుంది.

ఇప్పుడు పేగు. భోగి ముందు రోజు నేను గట్టు మీద అరటాకు వేసుకుని రెండు చేపలు కోశాను, ఒకటి తేలినది, ఒకటి విసురు వలకి పడిన బాగున్నది. శీలావతికి పొట్ట అంటూ వేరే సంచి లేదు, కడుపు లేని జాతి అది, గొంతు దాటగానే పేగు మొదలైపోతుంది, చుట్టలు చుట్టలుగా, లాగి పరిస్తే చేప పొడుగుకి ఎన్నో రెట్లు వస్తుంది, నాన్న అంత పొడుగుంటుందా అని ఆశ్చర్యపోయారు, నలభై ఏళ్ళుగా చేపలు పెంచుతున్న మనిషి. బాగున్న చేప పేగు నిండా గోధుమ రంగు మేత, గోడ కాస్త మందంగా ఉంది, చీల్చి బ్లేడు వెనక వైపుతో మెల్లగా గీస్తే జిగురు వచ్చింది, బెండకాయ జిగురులాగా, వేలికి అంటుకుని సాగింది. తేలిన చేప పేగు తడిసిన పాలిథిన్ కవర్‌లాగా పల్చగా ఉంది, లోపల మేత లేదు, పసుప్పచ్చ నీరు, గోడ మీద ఎర్రటి సన్న గీతలు. జిగురు దాదాపు లేదు. రెండు చేపల్ని కంటితో చూసి సైన్స్ చెప్పేయకూడదు, అది నాకు తెలుసు, మైక్రోస్కోప్ కింద పెట్టి చూడాలి. కానీ ఆ జిగురు తేడా మాత్రం నాన్న వేలితో ముట్టుకుని చూశారు.

ఆ జిగురే చేప పేగుకి మొదటి కాపలా. గోడలో గోబ్లెట్ కణాలని ఉంటాయి, అవి దాన్ని తయారు చేస్తాయి, బ్యాక్టీరియా నేరుగా గోడకి తగలకుండా అడ్డుకుంటుంది, అందులో లైసోజైమ్ లాంటి బ్యాక్టీరియాని కోసేసే పదార్థాలు కూడా ఉంటాయి. మనుషుల పేగులో రోగనిరోధక కణాలు గుంపులుగా, గడ్డలుగా ఉంటాయి. చేపకి ఆ గడ్డలు లేవు, లింఫ్ నోడ్లు కూడా లేవు. దాని కాపలా కణాలు పేగు పొడుగునా చల్లినట్టు ఉంటాయి. పేగు వెనక భాగంలో కణాలు లోపల నడుస్తున్న పదార్థాన్ని కొంచెం కొంచెం శాంపిల్‌లాగా పీల్చుకుని పక్కనున్న, క్రిముల్ని మింగే మాక్రోఫేజ్ కణాలకి అందిస్తాయి, ఏది మనది, ఏది బయటిది అనేది అక్కడ తేలుతుంది. ఇది కార్ప్ చేపల్లోనే చూసి చెప్పిన సంగతి.

క్రిముల్ని పట్టుకునే ప్రోటీన్లు, అంటే యాంటీబాడీలు కూడా వేరే. 2005లో రెయిన్‌బో ట్రౌట్ అనే చేపలో ఐజీటీ అని కొత్త రకం యాంటీబాడీ కనుక్కున్నారు, అదే ఏడాది ల్యాబుల్లో పెంచే చిన్న చేప జీబ్రాఫిష్‌లో కూడా దొరికింది, దానికి ఐజీజెడ్ అని పేరు పెట్టారు. జీబ్రాఫిష్ మన శీలావతికి దగ్గర చుట్టమే. 2010లో ట్రౌట్ మీద చేసిన పనిలో తేలింది ఏంటంటే, రక్తంలో పెద్దన్న ఐజీఎమ్ అనే యాంటీబాడీ అయితే, పేగులో ముందుండి పోరాడేది ఈ ఐజీటీ, పేగులో ఉండే బ్యాక్టీరియాకి పూతలాగా పట్టుకుని ఉండేది ఎక్కువగా ఇదే. అంటే చేప తన పేగులోని బ్యాక్టీరియాని చంపేయట్లేదు, పట్టుకుని అదుపులో పెట్టుకుని వాటితో కలిసి బతుకుతంది. నాకు ఈ విషయం చదివినప్పుడల్లా ఏదో గౌరవం కలుగుతుంది ఆ జీవి మీద.

ఆ బ్యాక్టీరియా ఊరికే ఉండవు. మంచినీళ్ళ చేపల పేగుల్లో సీటోబ్యాక్టీరియం అని ఒకటి బాగా కనిపిస్తుంది, బీ12 విటమిన్ తయారు చేస్తుంది. జీబ్రాఫిష్ పిల్లల్ని అసలు బ్యాక్టీరియా లేకుండా పెంచి చూశారు ల్యాబుల్లో, పేగు గోడ సరిగ్గా ఎదగలేదు, జిగురు చేసే గోబ్లెట్ కణాలు తగ్గిపోయాయి. మళ్ళీ బ్యాక్టీరియాని ఇస్తే తేరుకున్నాయి. అంటే పేగుకి కాపలా ఎలా కాయాలో నేర్పించేది కొంతవరకు ఆ బ్యాక్టీరియానే. మా నాన్నకి ఇలా చెప్పాను: నాన్నా, చేనులో గడ్డి మందు కొడితే కలుపుతో పాటు వరి కూడా పోయిందనుకో, ఖాళీ అయిన చేనులో ముందు మొలిచేది మళ్ళీ కలుపే. ఆయనకి ఠక్కున అర్థమైంది.

జరిగేది కూడా దాదాపు అదే. చిలీ పరిశోధకులు 2008లో సాల్మన్ చేపలకి ఆక్సీటెట్రాసైక్లిన్ మేతలో పెట్టి పేగు చూస్తే, అంతకుముందు ఉన్న రకరకాల బ్యాక్టీరియా పోయి ఏరోమోనాస్ జాతివి మిగిలాయి, అవి మందుని తట్టుకునే జన్యువులు ఉన్నవి. ఏరోమోనాస్ అంటే మా చెరువులో ఎర్ర మచ్చలు తెచ్చిన జాతే. ఇంకో పని గంబూసియా మీద చేశారు, అదేనండి, మన డ్రైన్లలో దోమల కోసం వదిలే చిన్న చేప. దానికి రిఫాంపిసిన్ ఇచ్చి ఒంటి మీద, పేగులో ఉన్న బ్యాక్టీరియాని చెదరగొట్టి, తర్వాత ఎడ్వర్డ్‌సియెల్లా ఇక్టలూరి అనే క్రిమిని తగిలిస్తే, మందు తగలని చేపల కంటే ఇవి ఎక్కువ చచ్చాయి, నీళ్ళలో ఉప్పు మారితే తట్టుకోలేకపోయాయి, బరువు కూడా తక్కువ పెరిగాయి. ఫంగస్ చేప (పంగాసియస్) పెంచేవాళ్ళకి ఆ ఎడ్వర్డ్‌సియెల్లా పేరు బాగా తెలుసు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1980లోనే నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ యూనివర్సిటీ వాళ్ళు కార్ప్ చేపలకి ఆక్సీటెట్రాసైక్లిన్ ఇచ్చి, వాటి రోగనిరోధక స్పందనే తగ్గుతోందని రాశారు. అంటే బ్యాక్టీరియా పోవడం ఒక ఎత్తు, మందు నేరుగా చేప సొంత శక్తిని కూడా అణుస్తుంది. నలభై ఏళ్ళు దాటింది ఆ మాట చెప్పి. మా గట్టు దాకా ఎందుకు రాలేదు అని నాకు బాధగా ఉంటుంది, నేను చదువుకున్నది దేనికి అనిపిస్తుంది.

మళ్ళీ మా చెరువుకి వస్తాను. ఈసారి ప్యాకెట్ తేనివ్వలేదు. ఇంకా ప్రాణంతో ఉన్న జబ్బు చేపలు మూడు, నీళ్ళతో సహా కవర్‌లో వేసుకుని ఆక్సిజన్ పట్టించి ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. కిడ్నీ నుంచి తీసి కల్చర్ పెట్టారు, రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులు నాన్న నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు ఆ గాజు మూత తెరిచి చూపించారు, లోపల పల్చటి పొరలాగా ఏరోమోనాస్ పెరిగి ఉంది, దాని మీద చిన్న చిన్న కాగితం బిళ్ళలు, ఒక్కోదానిలో ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి పెరగని ఖాళీ వలయం ఉండాలి. రెండు బిళ్ళల చుట్టూ పావలా కాసంత వలయం ఉంది. మేం వేసిన మందు బిళ్ళకి ఏ వలయమూ లేదు, క్రిమి వచ్చి బిళ్ళ అంచుని ఆనుకుని పెరిగింది. నాన్న దాన్ని చాలాసేపు చూశారు, ఏం అనలేదు.

ల్యాబ్‌లో ఆవిడ చేప ఒళ్ళంతా చూసి "పేను ఉంది కదండీ, చూడలేదా" అన్నారు. రెక్కల మొదట్లో పొలుసు రంగులో కలిసిపోయి పల్చగా అతుక్కుని ఉంది చేప పేను, ఆర్గులస్. అది కుట్టిన చోట గాయం, ఆ గాయంలోంచి ఏరోమోనాస్. పైగా చలి, చలికి చేప ఇమ్యూనిటీ ఎలాగూ మందగిస్తుంది. అంటే అసలు జబ్బు పేను అయితే మేం ఐదు రోజులు పేగుకి మందు పెట్టాం.

తర్వాత ఏం చేశాం అంటే గొప్ప రహస్యం ఏం లేదు. రెండు రోజులు మేత ఆపేశాం, కాలవ నీరు పెట్టి పాత నీరు మూడో వంతు తీశాం, పేనుకి ఏం చేయాలో ల్యాబ్‌లో చెప్పింది చేశాం, తెల్లారగట్ల నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పాం, పెద్ద సైజు చేప కొంత తీసేసి ఒత్తిడి తగ్గించాం. ఆ తీసిన చేప కూడా మందు ఆపి నెల దాటినాకే లారీ ఎక్కింది, అప్పటిదాకా నేను ఒప్పుకోలేదు. తగ్గడానికి రెండు వారాలు పట్టింది, మొత్తం మీద టన్ను పైనే పోయింది. తవుడుని బెల్లం నీళ్ళు, ఈస్ట్ వేసి ఒక రోజు పులియబెట్టి ఆ తర్వాత వారానికి రెండు సార్లు పెట్టాం. ఈస్ట్ గోడలో బీటా గ్లూకాన్ అని ఉంటుంది, దానికి చేప రోగనిరోధక కణాలు స్పందిస్తాయి. దీంతోనే తగ్గిందని నేను చెప్పను, ఎవరైనా డబ్బా మీద పేరు రాసి అలా చెప్పి అమ్మితే నమ్మకండి.

యాంటీబయాటిక్ అసలు వాడకూడదనే మనిషిని కాదు నేను. కల్చర్‌లో ఏ మందుకి లొంగుతుందో తేలి, చేప ఇంకా మేత తింటూ ఉండి, బరువు లెక్కగట్టి పూర్తి డోసు పూర్తి రోజులు పెట్టి, పట్టుబడికి ముందు గడువు ఆగగలిగితే అది మందు. అదీ చట్టం ఒప్పుకున్న వాటిలోనే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు, ఫ్లోరోక్వినలోన్లు ఆక్వాలో నిషేధం, కొలిస్టిన్‌ని 2019లో తీసేశారు. ఆక్సీటెట్రాసైక్లిన్ చేప కండలో 0.1 పీపీఎం, అంటే కేజీకి 0.1 మిల్లీగ్రాము, మించకూడదు. రొయ్యకి ఎగుమతి భయం ఉంది కాబట్టి టెస్టులు చేయిస్తారు, మన శీలావతి ఐసు వేసుకుని లారీలో బెంగాల్‌కో అస్సాంకో వెళ్ళిపోద్ది, మా గట్టు మీద లారీ ఎక్కేముందు ఒక్క శాంపిల్ తీయడం నేనెప్పుడూ చూడలేదు. ఆ చేప తినే ఇంట్లో పిల్లలుంటారు. ఇక్కడ చెరువు నీరు వదిలేది డ్రైన్‌లోకి, ఆ డ్రైన్ పక్కనే ఊళ్ళు, గేదెలు దిగేది అందులోనే.

జూన్‌లో కాలవలు వదిలాక కొత్తగా పిల్ల వేద్దామని నాన్న చేపపిల్లల నర్సరీ నడిపే ఒకాయనకి చెప్పారు, లోడు గట్టు దాకా వచ్చింది. దింపబోతుంటే నాన్న లారీ పక్కన నిలబడి "ఏవండీ, ఈ పిల్లకి నర్సరీలో మందులేమైనా పెట్టారా?" అని అడిగారు. ఆయన ముందు "అబ్బే, అదేం లేదండి" అన్నాడు. నాన్న కదల్లేదు. కాసేపాగి "మీరు ఇంతలా అడుగుతున్నారు కాబట్టి చెప్తన్నానండి, పిల్ల పోకుండా నెలకోసారి తవుడులో కలుపుతాం, అందరూ చేసేదే" అన్నాడు. వేలెడంత పిల్ల అది, పేగులో బ్యాక్టీరియా కుదురుకుని, కాపలా ఎలా కాయాలో పేగు నేర్చుకోవాల్సిన వయసు.

నాన్న లోడు వెనక్కి పంపేశారు, కిరాయి మా మీద పడింది. చెరువు ఇప్పుడు నీళ్ళతో నిండి ఖాళీగా ఉంది. ఉండి, కైకలూరు, గణపవరం వైపు మందు కలపకుండా పిల్ల పెంచే నర్సరీ ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ధర కొంచెం ఎక్కువైనా తీసుకుంటాం, ముందు పది పిల్లల్ని ల్యాబ్‌కి తీసుకెళ్ళి చూపిస్తానంటే ఒప్పుకునేవాళ్ళు కావాలి.